చీపురుపుల్లతో కొలిచిన బూట్లు

రామలక్ష్మి కాగితం మీద కాలు పెట్టనంటే పెట్టనంది.

“తెల్ల కాగితమే కదా లక్ష్మీ! దీని మీద ఒక్క అక్షరం కూడా లేదు,” అంది అస్రా మేడమ్. పెన్సిల్ పట్టుకుని హాల్లో నేల మీద కూర్చుని పది నిమిషాలైంది ఆమె.

“ఇప్పుడు లేదు. రేపు ఎవురో ఒకరు రాస్తారు గదా మేడమ్. సదువుల తల్లిని తొక్కి నిలబడమంటే నాతో కాదు.”

ఇద్దరి మధ్య నడిచే భాష హిందీ. అందులో మేడమ్ అరబీ కలిపేది, రామలక్ష్మి కడప కలిపేది. అదీ చాలని చోట చేతులు మాట్లాడేవి. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఏ పనీ ఆగలేదు కాబట్టి భాషకు లోటు లేదనే చెప్పాలి.

జర్మనీలో ఉద్యోగం చేసే మేడమ్ తమ్ముడు సెలవు మీద మస్కట్ వస్తూ ఇద్దరికీ ఐస్ మీద నడిచే స్కేటింగ్ బూట్లు తెస్తానన్నాడు. కాగితం మీద నిలబడి, పాదం చుట్టూ గీత గీసి, ఫోటో తీసి పంపమన్నాడు. మేడమ్ తన పాదం అప్పుడే గీసుకుంది. ఇక రామలక్ష్మి పాదమే బాకీ.

రామలక్ష్మి వంటింటి వెనక్కి వెళ్ళి కొబ్బరి చీపురులోంచి ఒక పుల్ల లాగింది. గచ్చు మీద కాలు ఆనించి, మడమ నుంచి బొటనవేలి దాకా పుల్లను పరిచి, ఆపైన ఒక వేలు వెడల్పు వదిలింది. కాసేపు ఆలోచించి ఇంకో వేలు వదిలి, అక్కడ విరిచింది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాయన రాజంపేటకు పోయేటప్పుడు నలుగురు పిల్లలవీ నాలుగు పుల్లలు జేబులో వేసుకుని పోయేవాడు. ఆ ఇంట్లో ఇరుకు చెప్పులు ఏనాడూ రాలేదు. వదులైతే ముందు గుడ్డ కుక్కుకోవచ్చు, ఇరుకైతే ఏం చేస్తాం అనేవాడాయన.

మేడమ్ పుల్లను స్కేలు పక్కన పెట్టి చూసింది. ఇరవై అయిదున్నర సెంటీమీటర్లు.

“నీ కాలు ఇంత పెద్దదా?”

“పని చేసే కాళ్ళు గదా మేడమ్.”

“సరే. బూటు ఎంత గట్టిగా ఉండాలి? మెత్తవి ఉన్నాయి, ఓ మోస్తరువి, గట్టివి, చాలా గట్టివి.”

రామలక్ష్మి తడుముకోలేదు. “అన్నిటికన్నా గట్టివి. కొనేది ఒకసారి. చీలమండకు ఎంత ఆసరా ఉంటే అంత మంచిది.”

ఆ మాట మేడమ్‌కు నచ్చింది. “నాకూ అవే చెప్తాను,” అంది.

నలభై నాలుగేళ్ళ రామలక్ష్మి, నలభై ఒక్క ఏళ్ళ అస్రా బూట్ల దాకా రావడానికి కారణం ఒక నవ్వు.

రామలక్ష్మి ఆ ఇంటికి వచ్చింది మేడమ్ తల్లిని చూసుకోవడానికి. ఇంటిల్లిపాదీ ఆమెను మామా అనేవారు. స్నానం చేయించడం, మందులు మింగించడం, చక్రాల కుర్చీలో పెరట్లో తిప్పడం రామలక్ష్మి డ్యూటీ. ఆ నవ్వుకు ఎనిమిది నెలల ముందు మామా పోయింది. అప్పటినుంచి అస్రా ఆఫీసుకు పోయేది, వచ్చేది, గది తలుపు వేసుకునేది. పెట్టింది తినేది. అడిగితే పలికేది. అంతే. రామలక్ష్మి ఉన్న సామాన్లే మళ్ళీ మళ్ళీ తుడిచేది. మామా లేని ఇంట్లో తన పనేమిటో ఆమెకు తెలియడం లేదు. ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

ఒకరోజు మేడమ్ మేనకోడలి పుట్టినరోజు ఒక మాల్‌లోని ఐస్ రింకులో చేశారు. ఆ పిల్ల బలవంతం మీద మేడమ్ వెళ్ళింది, మేడమ్‌కు తోడుగా రామలక్ష్మి వెళ్ళింది. అద్దె బూట్లు కట్టుకుని మంచు మీద అడుగు పెట్టగానే రామలక్ష్మి కాళ్ళు రెండూ చెరో దిక్కుకు ప్రయాణం కట్టాయి. పడిపోకుండా పక్కన నిలబడ్డ పెద్దమనిషి నడుము వాటేసుకుంది. ఆయన పెళ్ళాం చూసిన చూపుకు వదిలేసి, కూర్చున్న చోటే గిర్రున తిరిగి గోడకు తగిలింది.

అప్పుడు అస్రా నవ్వింది. గోడ పట్టుకుని, వంగి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి.

ఆ నవ్వు కోసం రామలక్ష్మి ఇంకో నాలుగుసార్లు పడింది. అందులో రెండు మాత్రమే నిజంగా పడటం.

ఆ రింకులో శనివారం పొద్దున ఒక గంట పెద్దవాళ్ళకని విడిగా ఉంచుతారు. అప్పటినుంచి ప్రతి శనివారం ఇద్దరూ వెళ్ళేవారు. విచిత్రమేమంటే, నాలుగు వారాలకు రామలక్ష్మికి జారడం వచ్చేసింది. బిందె నెత్తిన పెట్టుకుని బురద గట్ల మీద నడిచిన మనిషికి ఒంటిని ఎక్కడ ఆపాలో తెలుసు. మేడమ్‌కు మాత్రం గోడ వదలాలంటే రామలక్ష్మి చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఉంటే నాలుగడుగులు వేసేది. లేకపోతే ఇంటికి పోదాం అనేది.

రామలక్ష్మికి తన డ్యూటీ దొరికింది.

అద్దె బూట్లు ఇచ్చే కౌంటరు దగ్గర జగిత్యాల వైపు మనిషి ఇస్తారి ఉంటాడు. మస్కట్ ఎండల్లో మంకీ క్యాప్ పెట్టుకుని డ్యూటీ చేసే మనిషి బహుశా అతనొక్కడే. పదకొండేళ్ళు సైట్లలో సెంట్రింగ్ పని చేశాడు. మోకాలు అరిగాక కంపెనీ వాళ్ళు ఇక్కడ వేశారు. పొద్దున ఘాలా అనే పేటలోని కూలీల క్యాంపు నుంచి కంపెనీ బస్సులో వస్తాడు. బూట్లు ఇస్తాడు, తీసుకుంటాడు, కింద ఉండే బ్లేడ్లకు పదును పెడతాడు. మనుషుల్ని మొహం చూసి పోల్చలేడు గానీ పాదం చూసి పోలుస్తాడు. మంచు మీదికి మాత్రం ఎక్కడు. “ఒక్కపారి ఎక్కిన. భూమి నాది గాదనిపిచ్చింది. దిగిన,” అంటాడు.

సొంత బూట్ల మాట మొదట ఎత్తింది అతనే. “అద్దె బూటు వందమంది తొడిగి మెత్తగైంది చెల్లె. నీ చీలమండ లోపలికి పడుతున్నది. సొంతయి కొనుక్కోండ్రి. గని కొనేముందు నాతోని కొలిపిచ్చుకోండ్రి,” అన్నాడు.

రామలక్ష్మి కొలిపించుకోలేదు. చెప్పుల కొలతకు కూడా ఒక మనిషి కావాలా అనుకుంది.

బూట్లు వచ్చాయి. పాలమీగడ లాంటి తెల్ల తోలు, మిలమిల మెరిసే బ్లేడు. పెట్టె తెరిచి రామలక్ష్మి ఆ తోలును వేలి కొసతో తాకి చూసింది. జీవితంలో ఆమె కోసమని ఎవరూ ఇంత మంచి వస్తువు కొనలేదు. కత్తి ఉన్న వస్తువు కాబట్టి ఆయుధం కింద లెక్క అనుకుని, ఎవరూ చూడకుండా మడమ కింద పసుపు బొట్టు పెట్టింది.

ఆ రోజు ఇంటికి ఫోను చేసి మొగుడు పెంచలయ్యకు చెప్పింది.

“ఏమే, కాళ్ళకు కత్తులు కట్టుకుంటాండావా? కోడిపుంజు మాదిరి?”

“పుంజు కాదు, పెట్ట.”

“పందెం ఎవురితో?”

“గోడతో.”

“కాలు గీలు ఇరిగితే నిన్ను ఇంటికి తోలేస్తారు సూడు,” అన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు గానీ, ఫోను పెట్టేశాక రామలక్ష్మికి నవ్వుగా తోచలేదు.

తొడుక్కుని చూస్తే ముందు రెండు వేళ్ళ ఖాళీ ఉంది. అది ఆమె వదిలిన ఖాళీయే. నాయన నేర్పిన విద్య ఉండనే ఉంది. ముందు భాగంలో దూది కుక్కింది. ఒకదాని మీద ఒకటి మూడు జతల మేజోళ్ళు వేసింది. లేసులు బిగించి లేచి నిలబడితే బూటు లోపల కాలు కదులుతూనే ఉంది, బయట బూటు మాత్రం రాతి స్తంభంలా ఉంది. మోకాలు వంచబోతే బూటు ఒప్పుకోలేదు.

“సరిపోయాయా?” అంది మేడమ్. ఆమె కళ్ళలో చిన్నపిల్లకు కొత్త గౌను తొడిగిన తల్లి ఆశ ఉంది.

“అచ్చు గుద్దినట్టు సరిపోయినాయి మేడమ్.”

ఆ శనివారం మంచు మీద రామలక్ష్మి పొలంలో పాతిన దిష్టిబొమ్మలా జారింది. వంగితే పడుతుంది, వంగకపోతే ఆగలేదు. మేడమ్ గోడను రెండు చేతులా పట్టుకుని ఉంది. ఆమెను పిలిచి చెయ్యి అందించే ధైర్యం రామలక్ష్మికి లేకపోయింది. గంట ఎట్లాగో గడిపి, మేడమ్ కాఫీకి వెళ్ళినప్పుడు బెంచీ మీద కూలబడింది.

ఇస్తారి కౌంటరు దిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. “ఇప్పు.”

“ఏంది అన్నా?”

“బూటు ఇప్పు. నీ నడక జూస్తె నా కండ్లు మండుతున్నయ్.”

“బాగున్నాయి అన్నా. కొత్తవి గదా, అలవాటు కావాల.”

ఇస్తారి వినలేదు. కింద కూర్చుని లేసులు విప్పి బూటు లాగాడు. వెంట దూది ఉండ ఒకటి ఎగిరి అతని మంకీ క్యాప్ మీద వాలింది.

“గిదేంది చెల్లె? బూటా, పరుపా?”

“కొంచెం వదులైతే…”

“కొంచెమా? గీ బూట్ల నువ్వు, నీ పెనిమిటి, ఇద్దరు పట్టెటట్టున్నరు.” అతను మేజోళ్ళు ఒక్కొక్కటే లాగుతూ లెక్కపెట్టాడు. మూడోదాని దగ్గర తల పట్టుకున్నాడు. “సలిపెడితె నెత్తికి కట్టుకో. బూట్ల పల్సటిది ఒక్కటే తొడగాలె. ఇటు రా.”

ఆమె మడమను గోడకు ఆనించి నిలబెట్టి, వేలి కొసన నేల మీద చాక్‌పీస్‌తో గీత గీశాడు. టేపు తీశాడు. ఇరవై మూడున్నర.

“రెండు సెంటీమీటర్లు ఎక్కువ చెప్పినవ్. గది ఒక్కటే గాదు. గట్టివి తెమ్మని ఎవలు జెప్పిన్రు?”

“నేనే. ఆసరా ఉంటాదని.”

ఇస్తారి బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. సైటు విషయం ఎత్తేటప్పుడు అతని గొంతు కాస్త గంభీరమవుతుంది. “నేను పదకొండేండ్లు సెంట్రింగ్ కొట్టిన. స్లాబు కింద కర్రలు తక్కువ పెడితె స్లాబు కూలుతది. మస్తు పెడితె కింద మనిషి తిరిగెతందుకు జాగ ఉండది. ఎంత బరువుకు ఎన్ని కర్రలు అనేదే పని. పోరగాండ్ల బూట్లు మెత్తగుంటయ్, వాండ్లు ఇరవై కిలోలుంటరు గన్క. నువ్వు ఇరవై కిలోలున్నవా?”

“అరవై రెండు.”

“ఉన్నవ్ గద. నీకు మెత్తయి పనికిరావు. గని గివి గాల్లెకెగిరి రెండు సుట్లు తిరిగి దిగెటోళ్ళయి. నువ్వు ఎగురుతవా?”

“నేను ఎగరకుండానే పడతాండా కదన్నా.”

“గదే చెప్తున్న. నీకు నడుమ రకం గావాలె. పక్కలకు గట్టిగుండాలె, ముందుకు మోకాలు వంచితె బూటు నీతోని వంగాలె. నిలబడితె వేళ్ళు కొసకు ఇట్ల అంటీ అంటనట్టు తగలాలె. మడమ లేవద్దు. మడమ లేస్తే గది బూటు గాదు, గంప.”

“నాకు తెలుసన్నా,” అంది రామలక్ష్మి మెల్లగా. “తొడుక్కున్న రోజే తెలిసింది.”

“తెలిస్తె మేడమ్‌కు చెప్పవైతివి?”

రామలక్ష్మి దూది ఉండలను ఒళ్ళో పోగుచేసింది. “ప్రేమగా తెప్పిచ్చింది. బాగలేవంటే ఆ మొగం సూడలేను. అదీ కాక, నాకు బూట్లు లేవంటే నేను రాను. నేను రాకపోతే ఆమె రాదు. మళ్ళా ఆ గది, ఆ తలుపు. నీకు తెలీదులే అన్నా.”

ఇస్తారి క్యాప్ మీది దూది తీసి ఆమె చేతిలో పెట్టాడు. “వారం టైం ఇస్తున్న. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?”

“నేనే చెప్తా.”

ఆదివారం చెప్పాలనుకుంది, మేడమ్‌కు తలనొప్పి. సోమవారం చెప్పాలనుకుంది, మేడమ్ తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. మంగళవారం చెప్పబోతే మేడమ్ తనే పిలిచి, “ఈ శనివారం గోడ వదిలేస్తాను లక్ష్మీ. నువ్వు పట్టుకుంటావుగా?” అంది. బుధవారానికి రామలక్ష్మి చెప్పే సంగతి మాని, పాత చున్నీ చింపి మడమ దగ్గర మడతలు పెట్టడం మొదలుపెట్టింది.

శనివారం వచ్చింది. రింకులో పదిమంది కూడా లేరు. ఇస్తారి కౌంటరు మీద మోచేతులు పెట్టి ఇద్దరినీ చూస్తున్నాడు. రామలక్ష్మి అతని వైపు చూడలేదు.

మేడమ్ గోడ మీంచి ముందు ఒక చెయ్యి తీసింది. ఆ చెయ్యి రామలక్ష్మి చేతిలో పెట్టింది. తర్వాత రెండో చెయ్యి తీసింది. కాళ్ళు కొయ్యల్లా చాపి, ఊపిరి బిగబట్టి, రెండడుగులు, నాలుగు, పది. గోడ వెనకబడింది. రింకు నడి మధ్యకు వచ్చేశారు.

“వస్తున్నాను లక్ష్మీ! వదిలేశాను చూడు!”

“సూచ్చాండా మేడమ్. కింద సూడొద్దు. ముందుకు సూడండి.”

అప్పుడే రామలక్ష్మి కుడి మడమ బూటు లోపల పైకి లేచింది. చున్నీ మడత జారింది. బూటు ఒక దిక్కు, కాలు ఒక దిక్కు. పడటం ఖాయమని రామలక్ష్మికి తెలిసిపోయింది. పడే మనిషి చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటుంది, అది స్వభావం. రామలక్ష్మి మాత్రం వేళ్ళు విడదీసింది. మేడమ్ చెయ్యి వదిలేసి, ఒక్కతే వెల్లకిలా పడింది.

కాసేపు పైన దీపాలు తప్ప ఇంకేమీ కనబడలేదు. చీలమండలో సలుపు మొదలైంది. కాలు ఇరిగితే ఇంటికి తోలేస్తారన్న మాట గుర్తొచ్చింది. తల తిప్పి చూస్తే, రింకు మధ్యలో, గోడ లేకుండా, చెయ్యి లేకుండా, అస్రా ఒక్కతే నిలబడి ఉంది. చేతులు రెండూ గాలిలో చాపి, దారి తప్పిన కొంగలా ఉంది.

“మడమ తిప్పు! తిరుగుతున్నదా?” గేటు దగ్గరనుంచి ఇస్తారి అరిచాడు. ఒక కాలు మంచు మీద పెట్టి, భూమి తనది కాదని గుర్తొచ్చి, వెనక్కి తీసుకున్నాడు.

“తిరుగుతాండాది! నొప్పిగా ఉండాది గానీ తిరుగుతాండాది!”

అస్రా కదిలింది. ఒక అడుగు. ఇంకొకటి. వచ్చి రామలక్ష్మి పక్కన మోకాళ్ళ మీద కూలబడి, చీలమండ తడిమి చూసింది. ఆమె లేవలేదని తేల్చుకుని, మెడలోని శాలువా తీసి రామలక్ష్మి చేతికి ఒక కొస ఇచ్చింది.

“పట్టుకో. యల్లా, పద.”

“మేడమ్, వొద్దు, నేనే పాకుతా…”

“పట్టుకో అన్నాను.”

ఆ విధంగా, ఇంతకాలం గోడ వదలని మనిషి, అరవై రెండు కిలోల రామలక్ష్మిని శాలువాతో లాగుతూ మంచుకు అడ్డంగా గేటు దాకా వచ్చింది. రామలక్ష్మి కూర్చునే జారింది. దారిలో ఇద్దరు పెద్దమనుషులు తప్పుకుని తోవ ఇచ్చారు.

బెంచీ మీద కూర్చోబెట్టి మేడమ్ తనే లేసులు విప్పబోయింది. రామలక్ష్మి కాలు వెనక్కి లాక్కుంది. మేడమ్ ముందుకు లాక్కుంది. బూటు ఊడింది. మొదటి మేజోడు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. తర్వాత చున్నీ ముక్క, ఆ వెనక దూది.

“ఇది కాలా, బట్టల దుకాణమా?” అంది అస్రా. నవ్వడం లేదు. “ఎన్నాళ్ళనుంచి?”

“మొదటి రోజు నుంచి.”

“ఎందుకు చెప్పలేదు?”

రామలక్ష్మి ఇస్తారి వైపు చూసింది. అతను పక్కకు తిరిగి, అప్పటికే పదునుగా ఉన్న బ్లేడును తుడవడం మొదలుపెట్టాడు.

“మామా పోయినాక మీరు నవ్వింది ఈడనే మేడమ్. బూట్లు బాగలేవంటే ఇంక రాము అంటారేమోనని. ఇంట్లో నా డ్యూటీ ఏందో నాకు తెలీడం లేదు. ఈడైతే మీ చెయ్యి పట్టుకోవడం నా డ్యూటీ.”

అస్రా దూది ఉండను చేతిలోకి తీసుకుంది.

“మామాకు కూడా నువ్వు ఇలాగే అబద్ధాలు చెప్పేదానివి,” అంది. “మందు చేదుగా ఉండదని.”

“ఉండదని యాడ చెప్పినాను? తేనె మాదిరి ఉంటాదని చెప్పినాను.”

“ఆమె నమ్మేదా?”

“లేదు. కానీ మింగేది.”

అస్రా పెదవి కొసన ఏదో కదిలింది. ఆమె వంగి తన బూటు లేసు కూడా విప్పుకుంది. చీలమండ పైన కాలి ముందు భాగమంతా ఎర్రగా కమిలిపోయి ఉంది. “నాదీ వంగదు. తొడిగిన రోజు నుంచీ నొప్పి. నువ్వు గట్టివి కావాలన్నావు, నీకు తెలిసే అన్నావనుకున్నాను. తమ్ముడు అంత దూరం నుంచి మోసుకొచ్చాడని వాడికి చెప్పలేదు. నువ్వు బాగున్నాయంటున్నావు కదా, లోపం నా కాలిదే అనుకుని నీకూ చెప్పలేదు.”

ఇస్తారి బ్లేడు పక్కన పెట్టి తెలుగులోనే అన్నాడు. “ఇద్దరు ఇద్దరే. ఎవ్వలకు వాళ్ళు దాసుకునుడు. గీ గోడకు నోరుంటె మొత్తుకుంటుండె.”

“ఏమంటున్నాడు?” అంది మేడమ్.

“మనల్ని మెచ్చుకుంటాండాడు,” అంది రామలక్ష్మి.

బ్లేడు గీతలు పడ్డ బూట్లను దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకోరు. అయినా ఇస్తారి దిగులు పడలేదు. ఆ రింకుకు వచ్చే కాళ్ళన్నిటి జాతకాలూ అతని దగ్గర ఉన్నాయి. వాదీ కబీర్ అనే పేట నుంచి ఖుష్నుమా అనే పదిహేనేళ్ళ పిల్ల వస్తుంది. గాలిలో రెండు చుట్లు తిరిగి దిగుతుంది. ఏడాదిలో ఆ పిల్ల పాదం వెదురు మొలకలా పెరిగి ఇరవై అయిదున్నరకు వచ్చింది. కొత్తవి కావాలని తల్లి వెతుకుతోంది. కిందటేడు చిన్నవైపోయిన బూట్లు అటక మీద ఉన్నాయి. నడుమ రకం, ఇరవై మూడున్నర, పట్టుమని ఆరు నెలలు తొడగలేదు.

“పొడుగు కుదిరింది, గట్టిదనం కుదిరింది, రెండు దిక్కుల అవసరం కుదిరింది,” అన్నాడు ఇస్తారి వేళ్ళు ముడుస్తూ. “ఇగ ముహూర్తం పెట్టుడే.”

“కట్నకానుకలు?” అంది రామలక్ష్మి.

“ఏం లెవ్వు. కుండమార్పిడి. నీయి ఆ పిల్లకు, ఆ పిల్లయి నీకు.”

చీలమండ వాపు తగ్గడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ అస్రా గదిలో తలుపు వేసుకోలేదు. సాయంత్రం హాల్లోనే కూర్చుని, రామలక్ష్మి కాలు దిండు మీద పెట్టించి, ఐసు సంచీ తనే మార్చింది. రామలక్ష్మి ఎంత మొత్తుకున్నా వినలేదు. కూర మాడుతోందని ఒకసారి లేవబోతే, “కూర్చో. మాడనీ,” అంది. మాడిన కూర ఇద్దరూ తిన్నారు.

మూడో శనివారం ఇస్తారి పాత బూట్లను ముందు చేతుల్లో వంచి చూశాడు. చీలమండ దగ్గర తోలు మడతపడి చచ్చిందేమోనని వేలితో నొక్కాడు. “పాణం ఉన్నది,” అన్నాడు. కౌంటరు వెనక తోలును వేడి చేసే పెట్టెలో పెట్టి, వెచ్చగా ఉండగానే రామలక్ష్మికి తొడిగించాడు. పలచటి మేజోడు, ఒక్కటే. వేళ్ళ దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగించి, పైన మళ్ళీ కొంచెం సడలించి లేసు కట్టాడు.

“లేవకు. సల్లారేదాక కూసో. ఇది నీ కాలును నేర్సుకుంటది.”

“దోసె పెనం మీద పెట్టినట్టుండాదన్నా.”

“తిప్పెయ్యకు, సినుగుతవ్.”

మేడమ్ బూట్లను కూడా అలాగే వేడి చేసి, పై కొక్కెం వదిలేసి కింది నుంచి లేసు కట్టాడు. “ఒక కర్ర తీసేసిన. ఇగ వంగుతది,” అని ఆమెకు హిందీలో చెప్పాడు.

రామలక్ష్మి లేచి నిలబడింది. మడమ కదలలేదు. మోకాలు వంచింది. బూటు ఆమెతోపాటు వంగింది. ఆమెకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. ముక్కు చీది, మంచు చలి అంది.

ఇద్దరూ చేతులు పట్టుకుని మంచు మీదికి దిగారు. గోడ పక్కనుంచి కాదు, నడిమధ్య నుంచే. ఒక చుట్టు పూర్తిగా తిరిగి వచ్చారు. ఇస్తారి కౌంటరు మీద అరచేత్తో దరువు వేశాడు. రెండో చుట్టులో మేడమ్ మోకాళ్ళు వంచింది. మూడో చుట్టు సగంలో రామలక్ష్మి చీలమండ మళ్ళీ సలపడం మొదలుపెట్టింది.

“ఖలాస్ మేడమ్. ఇంక నాతో కాదు. పోదాం పాండి.”

“నువ్వు కూర్చో,” అంది అస్రా. “నేను ఇంకో చుట్టు తిరిగి వస్తాను.”

“ఒక్కరేనా?”

“ఒక్కదాన్నే.”

రామలక్ష్మి గేటు పక్క బెంచీ మీద కూర్చుంది. తన అరచేతిలో ఇంకా మేడమ్ చేతి వెచ్చదనం ఉంది. ఆ చెయ్యి ఇప్పుడు అవతల, గాలిలో, ఎవరినీ పట్టుకోకుండా వెళ్తోంది. ఆమెకు సంతోషంగానే ఉంది, కాకపోతే ఆ సంతోషం కొంచెం ఇరుకుగా ఉంది.

అవతలి మలుపు దగ్గర అస్రా ఊగింది. ఒక కాలు పైకి లేచింది. రామలక్ష్మి బెంచీ మీంచి సగం లేచింది. అస్రా గోడ వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని, మోకాళ్ళు వంచి నిలదొక్కుకుంది. నిలదొక్కుకోగానే ఆమె తల తిప్పి గోడను చూడలేదు. గేటు పక్క బెంచీని వెతుక్కుంది.

“లక్ష్మీ!” రింకంతా మోగేలా అరిచింది. “చూస్తున్నావా లేదా?”

రామలక్ష్మి లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. హిందీ గుర్తు రాలేదు, అరబీ అసలే గుర్తు రాలేదు.

“సూచ్చాండా మేడమ్! సూడకుండా యాడికి పోతా? మోకాలు వంచు తల్లీ, మోకాలు వంచు!”